ప్లేస్‌మెంట్‌లో ‘నాకు తెలియదు’ అంటే ఫెయిల్ చేస్తారా?

ప్రశ్న: మాది గుంటూరు. మావారి ఉద్యోగం వల్ల కెనడాలో సస్కటూన్ వచ్చాం, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉంది. ఇక్కడ కంటిన్యూయింగ్ కేర్ అసిస్టెంట్ (వృద్ధులకు, రోగులకు రోజువారీ పనుల్లో సాయపడే ఉద్యోగం) కోర్సు చదువుతున్నాను. ఇంకో ఆరు వారాల్లో వృద్ధుల కేంద్రంలో క్లినికల్ ప్లేస్‌మెంట్, అంటే కోర్సులో భాగమైన ప్రాక్టికల్ శిక్షణ, మొదలవుతుంది. టీబీ చర్మ పరీక్షలో 12 మి.మీ. వాపు వచ్చింది. చిన్నప్పుడు బీసీజీ టీకా వేశారు కాబట్టి పట్టించుకోవద్దని కొందరు, ప్లేస్‌మెంట్ ఆగిపోతుందని కొందరు అంటున్నారు. నేను 48 కిలోలుంటాను, వంద కిలోల మనుషుల్ని ఎలా లేపాలో అర్థం కావడం లేదు. మగవాళ్లకు స్నానం చేయించాలంటే బెరుకు. అన్నిటికంటే పెద్ద భయం, అక్కడ ఎక్కువ ప్రశ్నలు అడిగితే పని రాదనుకుని ఫెయిల్ చేస్తారట. నిజమేనా? – ఒక పాఠకురాలు

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడదాం. దానికి తప్పుడు జవాబు నమ్మి వెళ్తే మిగతావన్నీ చెడతాయి. మీరు విన్నది పూర్తిగా తలకిందులు. ఒక ఇన్‌స్ట్రక్టర్ కింద చాలామంది విద్యార్థులుంటారు. అందరూ తలో గదిలో ఉంటారు, ఆవిడ అన్ని గదుల్లోనూ ఉండలేదు. కాబట్టి ఆవిడ తేల్చుకోవాల్సింది ఒక్కటే: నేను పక్కన లేనప్పుడు ఈ మనిషి ఏం చేస్తుంది? తెలియనిచోట ఆగి అడిగే విద్యార్థిని ధైర్యంగా ఒంటరిగా వదలొచ్చు. ఏమీ అడగకుండా తలూపేవాళ్లను వదలలేరు. లిఫ్ట్ (మనిషిని మంచం మీది నుంచి లేపే యంత్రం) వాడటం రాకపోతే ఎవరినీ ఇంటికి పంపరు, నేర్పిస్తారు. రాకపోయినా ఒంటరిగా వాడితే మాత్రం పంపిస్తారు.

అయితే అడిగే పద్ధతి ఉంది. ‘ఏం చెయ్యమంటారు?’ అని చేతులు కట్టుకుని నిలబడితే సరిపోదు. ఏం చూశారు, మీరు ఏం అనుకుంటున్నారు, ఏం కావాలి, ఈ మూడూ ఒక గుక్కలో చెప్పాలి. ‘పన్నెండో గదిలో ఆయనను నడుముకు కట్టే బెల్టుతో ఒక్కరే లేపొచ్చని కేర్ ప్లాన్‌లో ఉంది. కానీ ఇవాళ ఎడమ మోకాలు వంగిపోతోంది. ఇద్దరం కావాలేమో అనిపిస్తోంది, ఒకసారి చూస్తారా?’ ఇలా అడిగిన విద్యార్థికి మార్కులు పెరుగుతాయే గానీ తగ్గవు. ఇంకో మాట. మనం ‘సరే’ అనడానికి తల అటూ ఇటూ ఆడిస్తాం. అక్కడివాళ్లకు అది ‘కాదు’ లాగో ‘ఏమో’ లాగో కనిపిస్తుంది. నర్సు ఏదైనా చెబితే నోటితో ‘యస్’ అనండి, విన్నది ఒకసారి తిరిగి చెప్పండి.

ఇక టీబీ సంగతి. 12 మి.మీ. అంటే పాజిటివ్. మామూలుగా 10 మి.మీ., ఆపైన గట్టిపడిన వాపును పాజిటివ్‌గా లెక్కిస్తారు. ఎర్రదనాన్ని కాదు, చేతికి తగిలే గట్టిదనాన్నే కొలుస్తారు. బీసీజీ వల్లే వచ్చిందని కొట్టిపారేయకండి. పుట్టిన కొత్తల్లో వేసిన బీసీజీ ప్రభావం పెద్దయ్యాక ఈ పరీక్షలో కనిపించడం తక్కువ. టీబీ ఎక్కువున్న దేశం నుంచి వచ్చినవాళ్లకు బ్యాక్టీరియా ఒంట్లో నిద్రాణంగా ఉండటం మామూలే. నిద్రాణంగా ఉన్నది జబ్బు కాదు, ఎవరికీ అంటదు. ఇప్పుడు చేయాల్సింది ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవడం, దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం లాంటి లక్షణాలు లేవని డాక్టరు రాసిన కాగితం తెచ్చుకోవడం. ఆ రెండూ బాగుంటే ప్లేస్‌మెంట్ ఆగాల్సిన పని లేదు. ఆరు వారాలున్నాయి కాబట్టి ఈ వారమే ఎక్స్‌రేకి వెళ్లండి. మందు వాడమంటే అది వేరే నిర్ణయం. ఎక్కువగా ఇచ్చేది రిఫాంపిన్, రోజూ, నాలుగు నెలలు. మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, కంగారుపడొద్దు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే మాత్రం డాక్టరుకు ముందే చెప్పండి, రిఫాంపిన్ వాటి పనిని దెబ్బతీస్తుంది. ఒకసారి పాజిటివ్ వచ్చాక చర్మ పరీక్ష మళ్లీ చేయించుకోకూడదు. ఆ ఫలితం కాగితాన్ని ఎప్పటికీ దాచుకోండి, రేపు ఉద్యోగంలో చేరేటప్పుడూ అడుగుతారు.

మీ క్లాసులో ఇంకా పరీక్ష చేయించుకోనివాళ్లు ఉంటే వాళ్లకో హెచ్చరిక. రెండంచెల పరీక్ష అడిగితే మొదటి సూది వేసిన 48 నుంచి 72 గంటల లోపు చూపించుకోవాలి. ఒకటి నుంచి నాలుగు వారాల్లో రెండో సూది, మళ్లీ చూపించుకోవడం. గురువారం వేయించుకుంటే చూపించాల్సిన రోజు శని, ఆదివారాల్లో పడుతుంది. క్లినిక్ మూసి ఉంటే మొదటికొస్తుంది. పైగా ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), చికెన్‌పాక్స్ టీకాలు ఈ పరీక్ష ఫలితాన్ని తప్పుదోవ పట్టిస్తాయి. అదే రోజున రెండూ వేయించుకోవాలి, లేదంటే టీకా తర్వాత నాలుగు వారాలు ఆగాలి. ఈ ఒక్క వరస తప్పి నెల పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. ఎంఎంఆర్ రెండు డోసుల మధ్య కూడా నాలుగు వారాలు కావాలి. హెపటైటిస్ బి మామూలు వరస 0, 1, 6 నెలలు, కాబట్టి మొదలుపెట్టినట్టు రుజువు ఇస్తే సరిపోతుందా అని కాలేజీని ముందే అడగాలి. గుంటూరులో మీ అమ్మగారి దగ్గర పాత టీకా కార్డు ఉంటే ఫొటో తెప్పించుకోండి. లేకపోతే రక్తపరీక్షలో యాంటీబాడీలు చూస్తారు.

పోలీసు తనిఖీ కూడా ఆలస్యం చేయొద్దు. బలహీనులతో పనిచేసేవాళ్లకు చేసే ఈ తనిఖీలో మీ పుట్టినతేదీ, లింగం క్షమాభిక్ష పొందిన ఏదైనా లైంగిక నేరస్తుడి రికార్డుతో కలిస్తే వేలిముద్రలు అడుగుతారు. పేరు కలవాల్సిన పని కూడా లేదు. అది మీ మీద అనుమానం కాదు, కానీ వారాలు పట్టొచ్చు. ఎన్95 మాస్కు ముఖానికి సందు లేకుండా అతుకుతోందో లేదో చూసే ఫిట్ టెస్టు రెండేళ్లు చెల్లుతుంది. కార్డు మీద రాసిన కంపెనీ, మోడల్, సైజు మాత్రమే మీకు సరిపోతాయి, పక్కవాళ్ల మాస్కు తీసుకుని పెట్టుకుంటే లెక్క కాదు. మగ విద్యార్థులు గడ్డం నున్నగా గీసుకుంటేనే టెస్టు చేస్తారు.

బరువు దగ్గరికి వద్దాం. మీరు 48 కిలోలైనా 80 కిలోలైనా తేడా లేదు, ఎందుకంటే అక్కడ మనిషిని ఎత్తడమన్నదే ఉండకూడదు. రోగుల్ని చేత్తో ఎత్తాల్సి వస్తే 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు మించొద్దని అమెరికాలో పనిచోట భద్రతను పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ పరిశోధకులు లెక్కగట్టారు. వంద కిలోల మనిషికి ఒక్క కాలే దాదాపు అంత ఉంటుంది. అందుకే మీ సస్కాచెవాన్ ప్రావిన్స్ అంతటా టీఎల్ఆర్ అనే శిక్షణ ఉంటుంది: ఒకచోటి నుంచి ఒకచోటికి మార్చడం, లేపడం, పడుకున్న భంగిమ సర్దడం. మంచం దగ్గర కనిపించే గుర్తు చూస్తే ఆ మనిషి సొంతంగా లేస్తారా, ఒకరు కావాలా, ఇద్దరు కావాలా, యంత్రం కావాలా తెలుస్తుంది. కానీ ఆ గుర్తు ఎప్పుడో వేసింది, మీరు లేపుతున్నది ఇప్పుడు. పొద్దున నిలబడిన మనిషి మధ్యాహ్నం నిలబడలేకపోవచ్చు. ప్రతిసారీ ముందు మాట్లాడి చూడండి, చెప్పింది అర్థమవుతోందా గమనించండి, కూర్చోబెట్టి కాలు చాపమనండి, తల తిరుగుతోందా అడగండి. అనుమానం వస్తే గుర్తులో ఉన్నదానికంటే ఎక్కువ సాయం తీసుకోవచ్చు, తక్కువ మాత్రం ఎప్పుడూ కుదరదు.

ఒక్కరే బెల్టుతో లేపేటప్పుడు చక్రాల కుర్చీని ఆ మనిషి బలమైన వైపు పెట్టి, రెండు బ్రేకులూ వేసి, పాదాలు ఆనే పలకలు పక్కకు తప్పించాలి. బెల్టు బట్టల మీద, రెండు వేళ్లు దూరేంత బిగువుతో ఉండాలి. పొట్ట ఆపరేషన్ అయినవాళ్లకు, మలమూత్రాల కోసం పొట్టకు సంచి ఉన్నవాళ్లకు నర్సును అడగకుండా బెల్టు కట్టకూడదు. ఆయన మీ మెడ చుట్టూ చేతులు వేయబోతారు, వేయనీయకండి. కుర్చీ చేతుల మీదో మంచం మీదో ఆనించమనండి. చంకల కింద చేతులు పెట్టి లాగడం మన ఇళ్లలో అలవాటు. దాంతో ముసలివాళ్ల భుజం కీలు జారుతుంది, మీ నడుమూ పోతుంది.

యంత్రంతో లేపేటప్పుడు దాదాపు అన్నిచోట్లా ఇద్దరు ఉండాలనే నియమం. విద్యార్థి ఒక్కత్తే మీట నొక్కిందంటే ఆ రోజు అక్కడితో సరి. స్లింగ్ (మనిషిని మోసే గుడ్డ ఊయల) చీటీ మీద సైజు, మోయగల బరువు చూడండి. కుట్లు ఊడాయా, గుడ్డ చివికిందా తడిమి చూడండి. రెండు వైపులా ఒకే రంగు ఉచ్చులు తగిలించాలి. భుజాల దగ్గర ఒక వైపు ఒక రంగు, రెండో వైపు ఇంకో రంగు తగిలిస్తే మనిషి ఒరిగిపోతాడు. మంచం నుంచి రెండు అంగుళాలు లేపగానే ఆగి అన్ని ఉచ్చులూ మళ్లీ చూసుకోవాలి. యంత్రం కాళ్లు వెడల్పుగా తెరిచి ఉంచాలి.

ఎవరైనా చేతుల్లోనే కూలిపోతుంటే? పట్టి నిలబెట్టాలని చూడొద్దు. బెల్టు పట్టుకుని, మీ ఒంటి మీదుగా నెమ్మదిగా నేలకు జారనిచ్చి, తల కాపాడండి. తర్వాత లేపకుండా నర్సును పిలవండి. ‘అయ్యో, పడేశాను’ అని గబుక్కున లేపి కూర్చోబెట్టడమే అసలు ప్రమాదం, తుంటి విరిగి ఉంటే ఆ ఎముక ఇంకా కదులుతుంది. మీ నడుము పట్టేసినా అదే రోజు ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పి రాయించండి.

మగవాళ్ల స్నానం గురించి నిజం ముందే చెప్పేస్తాం: తప్పించుకోవడం కుదరదు. నాకు ఆడ మనిషే కావాలని అడిగే హక్కు అక్కడ ఉండేవాళ్లకు ఉంటుంది, మీకుండదు. బెరుకు మాత్రం పనిలోని వరస వల్ల తగ్గుతుంది. తలుపు మూసి, తెర లాగి, పేరు పెట్టి పిలిచి, ఏం చేయబోతున్నారో చెప్పి సమ్మతి అడగండి. నీళ్లు 38 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాలి. మీ కేంద్రం గోడ మీద రాసిన హద్దే ఆఖరి మాట, థర్మామీటరుతోనే చూడండి. ఒళ్లంతా ఒకేసారి విప్పకూడదు, కడుగుతున్న భాగం తప్ప మిగతాదంతా తువ్వాలుతో కప్పే ఉండాలి. ముందు ముఖం, తర్వాత చేతులు, ఛాతీ, కాళ్లు, వీపు. మర్మాంగాలు ఆఖరున, కొత్త నీళ్లతో, కొత్త గుడ్డతో. ఆయన చెయ్యి పనిచేస్తుంటే గుడ్డ ఆయన చేతికే ఇవ్వండి. సగం బెరుకు అక్కడే పోతుంది, ఆయన పరువూ నిలుస్తుంది. ఆడవాళ్లకు ముందు నుంచి వెనక్కి తుడవాలి. మగవాళ్లలో సున్తీ కానివారికి ముందరి చర్మాన్ని మెల్లగా వెనక్కి జరిపి శుభ్రం చేసి, తప్పకుండా తిరిగి ముందుకు తేవాలి. మరిచిపోతే అక్కడ వాచి రక్తప్రసరణ ఆగే ప్రమాదం ఉంది. ఈ ముక్క క్లాసులో సిగ్గుతో ఎవరూ రెండోసారి అడగరు, అందుకే ఇక్కడ రాస్తున్నాం. అంగం స్తంభించడం చాలాసార్లు ఒంటి ప్రతిచర్య మాత్రమే. కప్పేసి, రెండు నిమిషాలాగి రండి. కావాలని చెయ్యి వేస్తే మాత్రం వెనక్కి జరిగి, ‘ఆపండి’ అని గట్టిగా ఒక్క మాట చెప్పి, నర్సుకు చెప్పాలి. సేవ కదా అని ఓర్చుకోవడం ఈ కోర్సులో భాగం కాదు.

స్నానం అంటే ఒంటిని పరీక్షగా చూసే సమయం కూడా. మడమలు, నడుము కింది ఎముక, తుంట్లు చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడకుండా ఎర్రగానే ఉందంటే పుండు మొదలవుతున్నట్టే. చర్మం నల్లగా ఉన్నవాళ్లలో ఎరుపు తెలియదు, వేడి, గట్టిదనం చూడాలి. మూత్రం గొట్టం ఉంటే సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కింద ఉండాలి, నేలను తాకకూడదు. అయిపోయాక బయటికి వచ్చేముందు మంచం పూర్తిగా కిందికి దించారా, పిలుపు గంట చేతికి అందుతోందా చూడండి. నడుము ఎత్తుకు లేపి పనిచేసి, ఆ ఎత్తులోనే వదిలేసి రావడం విద్యార్థులు చాలామంది చేసే తప్పు.

భోజనం దగ్గర మన జాలిగుణమే శత్రువు. మింగడం కష్టమైనవాళ్లకు ఆహారం, పానీయాలు 0 నుంచి 7 వరకు అంతర్జాతీయ మెట్లలో ఉంటాయి. నాలుగు అంటే మెత్తగా రుబ్బింది, ఐదు సన్నగా తరిగి తడిగా ఉన్నది, ఆరు మెత్తని చిన్న ముక్కలు. చిక్కబరిచిన పానీయాలకు కింది అంకెలుంటాయి. ‘పాపం, ఒక్క బిస్కెట్ అడిగింది’ అని ఇస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. నిటారుగా కూర్చోబెట్టి, మీరూ ఎదురుగా కూర్చుని, చెంచాలో సగమే పెట్టి, గొంతు కదిలి మింగాక రెండోది. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. బీఫ్, పోర్క్ వడ్డించాల్సి వస్తుంది, తినిపించాల్సి వస్తుంది. మిమ్మల్ని రుచి చూడమని ఎవరూ అనరు. అది కూడా కుదరదనుకుంటే మొదటి వారంలోనే ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడండి, పళ్లెం చేతిలో పెట్టాక కాదు.

మీరు అడగలేదు గానీ ఇంగ్లీషు గురించి రెండు మాటలు. అక్కడి పల్లెల్లో పెరిగిన పెద్దవాళ్లు మధ్యాహ్న భోజనాన్ని ‘డిన్నర్’ అంటారు, రాత్రిదాన్ని ‘సప్పర్’ అంటారు. ‘డిన్నర్ తర్వాత తీసుకెళ్లు’ అంటే సాయంత్రం దాకా ఆగారో, అప్పటికే పక్క తడిసిపోయి ఉంటుంది. పెద్దవాళ్లు కట్టుకునేదాన్ని ‘బ్రీఫ్’ అనాలి, ‘డైపర్’ అంటే చిన్నబుచ్చినట్టు. ఇంట్లోలా తాతగారూ, మామ్మగారూ అన్న ధోరణిలో ‘గ్రాండ్‌మా’ అనకండి, ఎలా పిలవమంటారో వాళ్లనే అడగండి. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లు ఇంగ్లీషు మరిచి చిన్నప్పటి ఉక్రేనియన్‌లోకో జర్మన్‌లోకో జారిపోతుంటారు, అప్పుడు అక్కడివాళ్లకీ మీకూ పెద్ద తేడా ఉండదు. ఎదురుగా వచ్చి, కళ్ల ఎత్తుకు దిగి, ఒక్కసారికి ఒక్క మాటే చెప్పండి. స్నానం వద్దంటే పదిహేను నిమిషాలాగి మళ్లీ అడగండి. మూడోసారీ వద్దంటే ‘నిరాకరించారు’ అని రాసి నర్సుకు చెప్పండి. స్నానం కాకపోతే మీరు ఫెయిల్ కారు, బలవంతంగా చేయిస్తే అవుతారు.

రాసేటప్పుడు మీ అభిప్రాయం కాదు, కళ్లకు కనిపించింది రాయాలి. ‘దిగులుగా ఉన్నారు’ అని కాదు, ‘భోజనం పావు వంతు తిన్నారు, గోడవైపు తిరిగి పడుకున్నారు, 12:40’. చేయబోయే పని ముందే చేసినట్టు రాయకూడదు. ఫోన్ లాకర్‌లో వదిలేయండి. పేరు చెప్పకపోయినా సరే, ఎవరో గుర్తుపట్టేలా అక్కడి మనుషుల గురించి వాట్సాప్‌లో గుంటూరుకు కథలు పంపితే ఆ ప్రావిన్స్ ఆరోగ్య సమాచార రక్షణ చట్టం ప్రకారం తప్పే.

వేషం: గాజులు, రాళ్ల ఉంగరాలు, పెంచిన గోళ్లు కుదరవు. నల్లపూసలు, మంగళసూత్రం వదలలేమంటే పొట్టిగా చేసి బట్టల లోపలికి పిన్ను పెట్టుకోండి, పట్టుకుని లాగేవాళ్లు ఉంటారు. పొద్దున్నే పోపు పెట్టి ఆ యూనిఫామ్‌తోనే వెళ్లకండి. చాలా కేంద్రాల్లో వాసనలు నిషేధం, తలనూనె, అత్తరు, ఇంగువ అన్నీ అందులోకే వస్తాయి. చలికోటు వంటింటికి దూరంగా తగిలించండి. మంచులో తొక్కిన బూట్లు వేరు, లోపలికి జారని బూట్లు వేరు. వాంతులు, విరేచనాలు అయితే తగ్గిన 48 గంటల దాకా రాకూడదు. షిఫ్టుకు ముందే ఇన్‌స్ట్రక్టర్‌కు, కేంద్రానికి ఇద్దరికీ ఫోన్ చేయాలి. ఆ గంటలు మళ్లీ చేసి తీరాలి గానీ, ఫోన్ చేసి మానినవాళ్లకూ చెప్పకుండా మానినవాళ్లకూ రిపోర్టులో చాలా తేడా ఉంటుంది.

ప్లేస్‌మెంట్ మధ్యలో ఇన్‌స్ట్రక్టర్ కూర్చోబెట్టి మీ పని మీద మాట్లాడతారు. ఆ మదింపు ఫారం ఖాళీది మొదటిరోజే అడిగి తెచ్చుకోండి. దానిలోని ఒక్కో నైపుణ్యం పక్కన మీరు ఏ రోజు, ఎవరు చూస్తుండగా చేశారో పెన్సిల్‌తో రాసుకోండి, అక్కడున్నవాళ్ల పేర్లు మాత్రం వద్దు. ఖాళీగా మిగిలినవి కనిపిస్తే, ‘ఈ వారం లిఫ్టు రెండో మనిషిగా నన్ను తీసుకుంటారా?’ అని మీరే వెళ్లి అడగండి.